మూడో లేన్లో రెండు మీటర్లు

కాలేజీ మైదానంలో ఆరని గీత మీద ఎవరి కాలు పడబోయినా సరే, అవతలి కొస నుంచి ఒక కేక వినపడేది: "గీత తొక్కావంటే ఎముకలు సున్నం చేస్తా!"

ఆ కేక వేసే మనిషికి అసలు పేరొకటి ఉంది. హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వాడకం లేక అది కొత్తదానిలాగే ఉండిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మట్టి ట్రాక్ మీద సున్నంతో గీతలు గీస్తున్నాడు కాబట్టి పిల్లలకీ, మేష్టర్లకీ, క్యాంటీన్ వాళ్ళకీ ఆయన సున్నం బాబాయ్. ప్రిన్సిపాల్ గారు మాత్రం "ఏమయ్యా" అంటారు. ఇంట్లో ఆవిడ "ఇదిగో" అంటుంది. నాలుగు మెట్లెక్కడానికే ఆపసోపాలు పడే మనిషి ఎవరి ఎముకలు ఏం చేస్తాడని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటూనే గీత పక్కనుంచి వెళ్ళేవాళ్ళు.

ఆయన గీతంటే గీతే. మేకులు దిగ్గొట్టి, తాడు బిగించి, స్టీలు టేపు పరిచి, అప్పుడుగానీ సున్నం బండి కదిలేది కాదు. పోటీలకు వచ్చే అధికారులు కూడా "బాబాయ్ కొలిచాడా? అయితే సరే" అని టేపు సంచిలోంచి తీసేవాళ్ళు కాదు. అంత నమ్మకం మంచిది కాదని వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

ఆ కేకకు భయపడనిది ఒక్క మిడత. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. మనిషంతా కాళ్ళే. నాలుగు వందల మీటర్లు పరిగెత్తుతుంది. పొద్దున్నే ఆయన బండి తోసుకొస్తుంటే తడి గీత మీదుగా ఎగిరి అవతల పడేది.

"ఏయ్!"

"తొక్కలేదు బాబాయ్, దాటాను. దాటితే కూడా సున్నమేనా?"

"దాటితే సగం సున్నం."

ఇది రోజూ జరిగేదే. పిల్లలు లేని ఇంట్లోంచి వచ్చే ఆయనకు ఆ మాటతోనే తెల్లవారేది. మిడతకు ఎవరూ లేరని కాదు. తండ్రి ఎక్కడో లారీ తోలుతాడు, పెంచిన మేనత్త రెండు ఊళ్ళ అవతల ఉంటుంది, పిల్ల హాస్టల్లో ఉంటుంది. ఆ ఏడాది ఆ పిల్లకు ఒక్కటే ధ్యాస. జాతీయ జట్టు ఎంపికకు యాభై మూడు సెకన్ల గీటు పెట్టారు. ఆ లోపు పరిగెత్తాలి. జాబితా ఆ నెలాఖరు సోమవారానికి మూసేస్తారు. దానికి ముందు మిగిలిన పోటీ ఒక్కటే: రాష్ట్ర కాలేజీల పోటీలు. అవి ఈ మైదానంలోనే.

పోటీలకు క్రీడల మంత్రిగారు వస్తున్నారన్నారు. రెండు రోజుల ముందే మంత్రిగారి మనుషులు దిగారు. వేదిక ఉన్నచోట ఎండ సూటిగా మొహం మీద కొడుతోందని, దాన్ని రెండు మీటర్లు ముందుకు, చెట్టు నీడలోకి లాగించారు. లాగించాక ఇంకో చిక్కు వచ్చింది. గెలిచినవాళ్ళు ముగింపు గీత దాటుతుంటే వెనకాల మంత్రిగారు ఫోటోలో పడాలి. ఇప్పుడేమో కుర్చీ ఒకచోట, గీత ఒకచోట.

"ఏమయ్యా, రెండు మీటర్లే కదా, ఆ గీత కాస్త జరిపెయ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. గీతంటే బెంచీ అనుకున్నారు పాపం.

ముగింపు గీత అందరికీ ఒక్కటే. మొదలుపెట్టే గీతలు మాత్రం ఎవరి లేన్‌కి వాళ్ళవే. బయటి లేన్‌కి వంపు పెద్దది కాబట్టి అందులో పరిగెత్తేవాళ్ళు కాస్త ముందునుంచి బయల్దేరతారు. ముగింపును రెండు మీటర్లు ముందుకు జరిపితే, ఎనిమిది లేన్ల మొదళ్ళనూ తలా రెండు మీటర్లు జరపాలి. పాతదాన్ని పారతో గీకి, మట్టి చల్లి తొక్కి, కొత్తది గీయాలి. ఒక గీత జరపమంటే తొమ్మిది గీతలు జరపమని. అది చెప్పబోతే ప్రిన్సిపాల్ గారు అప్పటికే పూలకుండీల దగ్గరకు వెళ్ళిపోయారు.

పోటీల పొద్దున బాబాయ్ బయటి లేన్ నుంచి లోపలికి వస్తూ ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు, నాలుగు ముగించాడు. ఇంతలో వేదిక దగ్గర్నుంచి గుమస్తా పరుగున వచ్చాడు. ఎర్ర తివాచీ ముడత పడిందట. మంత్రిగారి కాలు తట్టుకుంటే ఎవరి ఉద్యోగం పోవాలి? బాబాయ్ పార అక్కడే వదిలి వెళ్ళి, తివాచీ కిందికి దూరి, నాలుగు మూలలా మేకులు కొట్టి వచ్చి మిగతా పని చేశాడు. ఆఖర్న గుమస్తా మళ్ళీ వచ్చి ఒక కాగితం చాచాడు. "అన్ని లేన్లూ కొలిచి సరిచూడడమైనది" అని ఉంది. అప్పటికే మంత్రిగారి కార్లు గేటు దాటుతున్నాయి. గుమస్తా వీపు మీద కాగితం పెట్టి బాబాయ్ సంతకం గీకేశాడు.

మిడతకు మూడో లేన్ వచ్చింది. పరుగు సంగతి చెప్పాలంటే, చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో వంపు దాకా వెనకపడి ఉన్న పిల్ల, ఆఖరి వందలో అందర్నీ దాటి మొదట వచ్చింది. కాలేజీ అంతా లేచి నిలబడింది. మిడత మాత్రం జనం వైపు చూడలేదు, ఎలక్ట్రానిక్ బోర్డు వైపు చూసింది. యాభై మూడు పాయింట్ ఒకటి సున్నా. సెకనులో పదో వంతు ఎక్కువ. ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది.

ఇక్కడితో ఆగిపోతే అది ఒక పిల్ల దుఃఖం. కానీ మైకు మంత్రిగారి చేతిలో ఉంది.

"మా ప్రభుత్వం బూట్లిచ్చింది. మైదానం ఇచ్చింది. ఇంకా కాళ్ళు కూడా మేమే ఇవ్వాలా?" అని ఆయన నవ్వారు. చమత్కారం అనుకున్నారు. వేదిక మీదివాళ్ళూ అలాగే అనుకుని చప్పట్లు కొట్టారు.

సాయంత్రానికి ఆ మాట దేశమంతా తిరిగింది. జాతీయ ఛానెళ్ళు దాన్ని గంటకు పదిసార్లు వేశాయి. ప్రతిపక్ష నాయకుడు మర్నాడే ఒక చిరిగిన బూటు చేత్తో పట్టుకుని విలేకరుల ముందు కూర్చున్నాడు. "ఇదీ ఈ ప్రభుత్వం ఆ బిడ్డకు ఇచ్చింది!" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బూటు మిడతది కానే కాదు. దాని సైజు చూస్తే మిడత రెండు కాళ్ళూ అందులో పడతాయి. దానికి జవాబుగా మంత్రిగారి మనుషులు మిడత ఎప్పుడో ఐస్‌క్రీమ్ తింటూ దిగిన ఫోటో ఒకటి పట్టుకొచ్చి, ఇదీ ఈమె క్రమశిక్షణ అన్నారు. చర్చల్లో కూర్చున్న పెద్దమనిషొకడు "ఆడలేక మద్దెల ఓడు అన్నారు మన పెద్దలు" అని ముగించాడు. మద్దెల సంగతి ఎత్తింది ఎవరు? ఆ పిల్ల నోరు విప్పితేగా! ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అనలేదు. నాలుగు రోజుల్లో మిడతకు ఇంకో పేరు కూడా వచ్చింది, పదోవంతు అని. దేశం పెట్టిన పేరు.

మిడత మైదానానికి రావడం మానేసింది. మేకుల బూట్లు కోచ్ మేడమ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిందట. పొద్దున్నే బాబాయ్ బండి తోసుకొస్తుంటే గీత దాటేవాళ్ళు లేరు. రెండు మూడుసార్లు ఆయన ఊరికే వెనక్కి తిరిగి చూశాడు కూడా.

బుధవారం పొద్దున వేదిక పీకేశారు. ముగింపు గీతను తిరిగి పాత చోటికి తేవడానికి బాబాయ్ పార పట్టుకుని వెళ్ళాడు. ఎనిమిదో లేన్లో కొత్త గీత, దానికి రెండు మీటర్ల వెనక చెరిపిన పాత గీత మరక కనిపించాయి. ఏడులోనూ రెండు, ఆరులోనూ రెండు. సున్నం అంత తొందరగా మట్టిని వదలదు. ఐదు, నాలుగు అలాగే చూసుకుంటూ మూడో లేన్లోకి వచ్చాడు.

అక్కడ ఒక్కటే గీత ఉంది.

ఆయన మేకు దగ్గరకెళ్ళి టేపు తగిలించి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. టేపు అబద్ధం చెబుతుందేమోనని ఇంకో టేపు తెచ్చి మూడోసారి కొలిచాడు. అది పాత గీతే. జరపలేదు. నాలుగో లేన్ అయ్యాక తివాచీ కోసం వెళ్ళాడు, తిరిగొచ్చి మూడు అయిపోయిందనుకుని రెండుతో మొదలుపెట్టాడు. మిగతా ఏడుగురూ నాలుగు వందల మీటర్లు పరిగెత్తారు. మిడత నాలుగు వందల రెండు పరిగెత్తింది. రెండు మీటర్లంటే ఆ పిల్ల కాళ్ళకు పావు సెకను. అంటే ఆ పిల్ల యాభై మూడు లోపే వచ్చింది, పదో వంతుకు పైగా మిగుల్చుకుని మరీ వచ్చింది.

బాబాయ్ గీత పక్కన మట్టిలో కూర్చుండిపోయాడు. సిగ్గేసింది. దాని వెంటే భయమూ వేసింది, దాచుకోవడం ఎందుకు? సంతకం ఆయనది. పెన్షన్‌కు ఇంకా రెండేళ్ళుంది.

అలవాటు కొద్దీ ముందు ప్రిన్సిపాల్ గారి గదికే వెళ్ళాడు. ఆయన విన్నారు, లేచి తలుపు వేశారు, మళ్ళీ కూర్చున్నారు.

"ఏమయ్యా, ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. మనకు రబ్బరు ట్రాక్ మంజూరయ్యే ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉంది. గీత ఎందుకు జరిగిందంటే కుర్చీ సంగతి వస్తుంది. కుర్చీ సంగతి వస్తే ట్రాక్ పోతుంది. వెయ్యిమంది పిల్లలు పరిగెత్తాల్సిన ట్రాక్. ఆలోచించు."

బాబాయ్ ఆలోచించాడు. రబ్బరు ట్రాక్ వస్తే గీతలు రంగుతో ఒక్కసారే వేసేస్తారు, సున్నం బండి అటక మీదికెక్కుతుంది. అయినా ఆ మాట అనలేదు.

"మరి ఆ పిల్ల సార్?"

"వచ్చే ఏడాది ఉందిగా."

"వచ్చే ఏడాది పరిగెత్తదు సార్. బూట్లు ఇచ్చేసింది."

"నీ ఇష్టం. సంతకం మాత్రం నీదేనని గుర్తుంచుకో" అన్నారు ప్రిన్సిపాల్ గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోజనం ముందు కూర్చున్నాడుగానీ ముద్ద దిగలేదు. ఆవిడ కుట్టు మిషను దగ్గర ఎవరిదో ప్యాంటు మడత విప్పుతోంది. సంగతంతా చెప్పాడు. మిషను ఆగింది.

"వాళ్ళు జరపమంటేనేగా జరిపారు?" అంది.

"జరపమన్నది వాళ్ళే. మూడోది మరిచింది నేనే."

"ఉద్యోగం తీసేస్తారంటారా?"

"తియ్యొచ్చు."

ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది. "గుడ్డ తక్కువైతే అతుకేస్తాను. మనిషిని తక్కువ చేస్తే దేనితో అతుకెయ్యాలి? వెళ్ళి చెప్పండి. ముందు ఆ పిల్లకు చెప్పండి. తర్వాత ఎవరికైనా చెప్పుకోండి" అంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆయన చెప్పులేసుకుంటుంటే మాత్రం, "ముందు రెండు ముద్దలు తినండి, ఖాళీ కడుపుతో నిజం చెబితే కళ్ళు తిరుగుతాయి" అంది.

హాస్టల్లో వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు నిబంధనల బోర్డు. మిడత వచ్చి కూర్చుంది. నాలుగు రోజుల్లోనే మొహం పీక్కుపోయింది. బాబాయ్ వచ్చే దారిలో చాలా మాటలు కూర్చుకున్నాడుగానీ అవేవీ అప్పుడు అందుబాటుకు రాలేదు.

"తల్లీ, మూడో లేన్ గీత నేను జరపలేదు. నువ్వు పరిగెత్తింది నాలుగు వందల రెండు మీటర్లు."

"మళ్ళీ చెప్పు బాబాయ్."

మళ్ళీ చెప్పాడు. తివాచీ, పార, సంతకం అన్నీ చెప్పాడు. మిడత తన కాళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది.

"అంటే నేను పరిగెత్తానా?"

"పరిగెత్తావమ్మా. యాభై మూడు లోపే పరిగెత్తావు."

ఆయన ఏడుస్తుందనుకున్నాడు, లేదా నవ్వుతుందనుకున్నాడు. మిడత లేచి నిలబడింది.

"నాలుగు రోజుల్నుంచీ నా కాళ్ళను నేనే తిట్టుకుంటున్నాను బాబాయ్. టీవీలో వాళ్ళన్నది నిజమేననుకున్నాను. అత్తకు ఫోన్ చేసి నాకు చేతకాదని చెప్పేశాను. అందరి గీతలూ కొలిచావు, నాదే దొరికిందా మరిచిపోవడానికి?"

"తప్పయిపోయింది తల్లీ" అన్నాడు.

"నీతో నేను మాట్లాడను" అని లోపలికి వెళ్ళిపోయింది.

అది చాలా న్యాయమైన మాట అనుకుంటూ ఆయన కోచ్ మేడమ్ దగ్గరకు నడిచాడు. ఆవిడ విని, వెంటనే కాగితం తీసింది. "బాబాయ్ గారూ, మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. కింద సంతకం పెట్టండి. ఈసారి బల్ల మీద పెట్టి, చదివి పెట్టండి" అంది. ఉత్తరం ఆ సాయంత్రమే క్రీడా సంఘానికి వెళ్ళింది. మేడమ్ బల్ల మీద ఉన్న బూట్లు మర్నాడు పొద్దున అక్కడ లేవు. మైదానంలో మిడత వంపు దగ్గర పరిగెత్తుతోంది. బాబాయ్ బండి వైపు కన్నెత్తి చూడలేదు.

ఇలాంటి సంగతి ఒడిలో నిప్పులా ఎంతసేపు దాగుతుంది? గురువారం మధ్యాహ్నానికి కాలేజీ గేటు ముందు కెమెరాలు వాలిపోయాయి. గీత జరిగిందన్న వార్త పొక్కిందో లేదో, ఎవరూ అడగకముందే మంత్రిగారి కార్యాలయం ఒక ప్రకటన విడుదల చేసింది. కుర్చీ కోసం గీత జరపమని మంత్రిగారు ఎన్నడూ చెప్పలేదట. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. అంతవరకూ కుర్చీ మాట బయట ఎవరికీ తెలియదు.

ప్రతిపక్షంవాళ్ళు బాబాయ్‌ను ఒక పక్కకు లాగారు. "పెద్దాయనా, మంత్రే దగ్గరుండి గీత మార్పించాడని ఒక్క మాట చెప్పండి. మిమ్మల్ని మేం చూసుకుంటాం." రెండు నిమిషాల తర్వాత మంత్రిగారి మనుషులు ఇంకో పక్కకు లాగారు. "అవతలివాళ్ళు మీకేదో ఆశపెట్టి కావాలనే చేయించారని చెప్పండి. మిమ్మల్ని మేం చూసుకుంటాం." ముప్ఫై ఒక్క ఏళ్ళలో తనను చూసుకుంటామన్నవాళ్ళు లేరు, ఇప్పుడు ఒక్క గంటలో ఇద్దరు తేలారు. బాబాయ్ చొక్కా విడిపించుకుని కెమెరాల ముందుకు వచ్చాడు.

"గీత జరపమన్నది ఎవరు?" అని అరిచారు.

"కుర్చీకి ఎదురుగా ఉండాలని జరపమన్నారు. ఎవరి కుర్చీయో మీకు తెలుసు. అది పెద్ద తప్పేం కాదు, సరిగ్గా జరిపితే. సరిగ్గా జరపంది నేను. కొలవకుండా సంతకం పెట్టింది నేను. ఆ పిల్ల తప్పు గోరంత కూడా లేదు. ఆ ఫోటో, ఆ బూటు ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళండి."

ఇంకేం అడిగినా ఆయన దగ్గర ఇదే జవాబు. రెండు పక్షాలకూ పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరక్క, ఛానెళ్ళు దాన్ని మొత్తంగానే వెయ్యాల్సి వచ్చింది. సాయంత్రం ప్రిన్సిపాల్ గారు మెమో ఇచ్చారు. విచారణ ముగిసేదాకా పనిలోకి రాకూడదని ఉంది. ఆ కాగితం మీద మాత్రం బాబాయ్ అసలు పేరు పూర్తిగా, తప్పుల్లేకుండా రాశారు.

శుక్రవారం క్రీడా సంఘం జవాబు వచ్చింది. నాలుగు వందల రెండు మీటర్లకు వచ్చిన సమయాన్ని నాలుగు వందలకు తగ్గించి లెక్కకట్టే నియమం ఏదీ లేదు. జాబితా సోమవారమే మూస్తారు. అయితే ఆదివారం పొద్దున, బయటి అధికారి కొలిచాక, మళ్ళీ ఒక్క పరుగుకు అనుమతిస్తారు. ఒక్కటే.

ఆదివారం వచ్చిన కొలతల అధికారి నెరిసిన జుట్టు, గట్టి నడక ఉన్న ఆవిడ. టేపు కూడా తనదే తెచ్చుకుంది. ముగింపు గీతతో సహా తొమ్మిది చోట్లా కొలిచి మేకులు దింపించి, "గీసేదెవరు?" అంది. అంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమస్తా ఒకసారి బండి తోసి చూపించాడు. ఆ గీత పాము పోయినట్టు పోయింది.

"తప్పు చేసినాయన ఎక్కడ? ఈ భూమ్మీద ఇవాళ అంత జాగ్రత్తగా గీసేవాడు ఇంకొకడుండడు. పిలవండి" అంది.

బాబాయ్ గేటు బయటే ఉన్నాడు. మెమో ఉంది కాబట్టి లోపలికి రాలేదు, ఉండబట్టలేక ఇంట్లో ఉండలేదు. ప్రిన్సిపాల్ గారు ఆకాశం వంక చూస్తూ "ఊఁ" అన్నారు. దాన్నే అనుమతి అనుకున్నారు.

ఇంతలో మంత్రిగారు వచ్చారు. అటునుంచి ప్రతిపక్ష నాయకుడూ వచ్చాడు. దేశమంతా చూస్తున్న పరుగు, రాకుండా ఎలా ఉంటారు? ఇద్దరికీ ముగింపు గీతకు ఎదురుగా కుర్చీ కావాలి. నీడ మాత్రం రెండు మీటర్ల అవతల ఉంది. మంత్రిగారి మనిషొకడు దగ్గి, "కాస్త గీత ఏమైనా..." అనబోయాడు.

"కుర్చీలు మీ ఇష్టం. గీత అక్కడే ఉంటుంది" అంది కొలతల ఆవిడ.

చివరికి రెండు కుర్చీలూ పక్కపక్కనే ఎండలో వేశారు. పొద్దుటి సూర్యుడికి పార్టీ లేదు కాబట్టి ఇద్దరి మొహాల మీదా సమానంగా కొట్టాడు. ఇద్దరూ కళ్ళు చికిలించుకుని, మొదటిసారి ఒకే రకంగా కూర్చున్నారు.

మొన్నటి పోటీలో పరిగెత్తిన అమ్మాయిలు నలుగురు తోడు పరిగెత్తడానికి వచ్చారు. ఒంటరిగా పరిగెత్తితే వేగం రాదని వాళ్ళకు తెలుసు. రెండో స్థానం వచ్చిన పిల్ల వేరే కాలేజీది. "నాకేం అవసరం లేదు. కానీ రెండు మీటర్లు ఎక్కువ పరిగెత్తినదాని చేతిలో ఓడిపోయానంటే, దాన్ని ఇంకోసారి దగ్గర్నుంచి చూడాలిగా" అంది. లేన్లకు చీట్లు తీయబోతుంటే మిడత, "నాకు మూడోదే ఇవ్వండి" అంది. తోటివాళ్ళెవరూ కాదనలేదు.

మొదలు గీతలు ముగింపు గీత దాటాక కాస్త ముందుకు, వంపులో ఉంటాయి. మూడో లేన్ గీత ముగింపు నుంచి పదిహేను అంగల్లో చేరేంత దూరం. బాబాయ్ ఆ గీతను అందరికంటే ఆఖర్న గీశాడు. టేపు ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస కొలతల ఆవిడ చేతికిచ్చి, మూడుసార్లు చూసుకున్నాడు. గీశాక ట్రాక్ బయట, ఆ గీతకు ఎదురుగా నిలబడ్డాడు. మిడత వచ్చి, తడి గీత వెనక జాగ్రత్తగా వేళ్ళు ఆన్చి వంగింది. ఆయన వైపు చూడలేదు. ఆయన కూడా గీతనే చూశాడు.

తుపాకీ పేలింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎన్ని పరుగులు చూశాడో ఆయనకే తెలియదు. ఇది మాత్రం చూడలేకపోయాడు. అవతలి వైపు జనం అరుపులు పెద్దవయ్యాయి. కోచ్ మేడమ్ గొంతు అన్నిటి మీదా వినపడుతోంది. ఆయన తన గీత వంకే చూస్తూ, లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాడు. యాభై దాకా వచ్చి, అక్కడ లెక్క తప్పాడు.

మిడత ముగింపు గీత దాటింది. దాటి ఆగలేదు. మంత్రిగారు పూలగుత్తితో లేచారు. ప్రతిపక్ష నాయకుడు ఇంకా పెద్ద పూలగుత్తితో లేచాడు. కెమెరాలు అటు తిరిగాయి. ఆ పిల్ల వాళ్ళను దాటుకుని, బోర్డు వంకైనా చూడకుండా, ఆ వేగం మీదే పదిహేను అంగలు ముందుకొచ్చి, మూడో లేన్ మొదలు గీత దగ్గర, బాబాయ్ ముందు ఆగింది. ఊపిరి అందడం లేదు.

"గీత సరిగ్గానే ఉందా బాబాయ్?"

నాలుగు రోజుల తర్వాత వినపడిన పిలుపు.

"ఉందమ్మా. మూడుసార్లు కొలిచాను. నాలుగు వందలు, పిసరంత అటూ ఇటూ లేదు."

"అయితే ఎంతొచ్చినా నాదే" అంది మిడత.

అప్పుడు మైకు పలికింది. ఈసారి అది మంత్రిగారి చేతిలో లేదు, కొలతల ఆవిడ చేతిలో ఉంది. యాభై రెండు పాయింట్ ఎనిమిది ఎనిమిది. మైదానం ఒక్కసారి హోరెత్తింది. కోచ్ మేడమ్ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొస్తోంది.

మిడత ఉన్నచోటే కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కూర్చున్నది సరిగ్గా గీత మీద. ఇంకా ఆరలేదు. లాగుకీ, పిక్కలకీ, కన్నీళ్ళు తుడుచుకుంటే బుగ్గలకీ సున్నం అంటుకుంది. గీత నడిమధ్యలో జానెడు మేర చెరిగిపోయింది.

సున్నం బాబాయ్ దాన్ని చూశాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, తానూ ఆ పిల్ల పక్కన గీత మీదే కూర్చున్నాడు.